తైలాశయం చెరువు కాదు



భూగర్భంలో చమురు సముద్రం బయటపడిందన్న ధోరణిలో వార్త కనబడినప్పుడెల్లా నాలోని తెలుగు పండితుడు ఉలిక్కిపడతాడు. సంస్కృతంలో 'ఆశయ' శబ్దానికి నిలిచి ఉండే చోటు అని అర్థం. జలాశయం, గర్భాశయం ఆ వరుసలోవే. కనుక రిజర్వాయరును 'తైలాశయం' అనడంలో వ్యాకరణదోషం లేదు. చిక్కంతా ఆ మాట గీసే బొమ్మలో ఉంది. అది వినగానే విద్యార్థి మనసులో మన హుస్సేన్ సాగరం వంటిదేదో భూమి కింద నల్లగా అలలు కొడుతుంది. నిజానికి అక్కడ ఉన్నది రాయి. ఆ రాతి రంధ్రాలలో చమురు ఇమిడి ఉంటుంది. ఇసుకరాయి అయితే రేణువుల నడుమ సందులే ఆ రంధ్రాలు. గోదావరి డెల్టాలో తీసే వాయువు అధికభాగం అటువంటి రాతిలోనిదే. సున్నపురాతి కథ వేరు, అదే నన్ను ఆకర్షించింది.

మన వంటింటి గట్టుమీది కడప నల్లబండ సున్నపురాయి జాతిదే. నిమ్మరసం ఒలికి కాసేపు నిలిస్తే నునుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు, అది రాయి కరిగిన చోటు కనుక. వాననీరు చేసే పనీ ఇదే. గాలిలోని, అంతకంటె ఎక్కువగా మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని నీరు పుల్లబడుతుంది. (ఆ వాయువుకు మన పెద్దలు పెట్టిన పేరులోనే పులుపు ఉన్నది, గమనించారా?) ఆ నీరు పగుళ్ళ వెంట దిగుతూ లక్షల ఏండ్లలో రాతిని తొలిచి గుహలు చేస్తుంది. ఇట్టి నేలకు శాస్త్రజ్ఞులు స్లొవేనియా, ఇటలీ సరిహద్దులోని ఒక పీఠభూమి పేరు మీదుగా 'కార్స్ట్' అని పేరు పెట్టారు.

మనకు అంత దూరం పోనక్కరలేదు, నంద్యాల జిల్లాలో బెలుం ఉన్నది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దృష్టికి వచ్చి, 1982-83లో జర్మన్ బృందం శోధించి, 2002లో సందర్శకులకు తెరచిన ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. 'బిల' శబ్దమే బెలుం అయిందంటారు.

ఇటువంటి గుహల మీదికి సముద్రం మళ్ళీ వచ్చిందనుకోండి. బంకమట్టి పొరలు పేరుకొంటాయి. బరువుకు కప్పులు కూలతాయి. గుహ గుహగా మిగలకపోయినా విరిగిన రాతిముక్కల నడుమ సందులు, కరిగిన తొర్రలు మిగులుతాయి. పైనున్న బంకరాయి మూతవుతుంది. తరువాతెప్పుడో లోతునుండి చమురు ఎగబాకి వస్తే ఆ మూత కింద చిక్కుతుంది. బెలుంకు ఆ మూతా లేదు, ఆ చమురూ లేదు. అయితే 1974లో కనుగొన్న ముంబై హైలోని ప్రధానమైన సున్నపురాతి పొర, ఒకప్పుడు సముద్రమట్టం తగ్గి బయటపడినప్పుడు వాననీటికి కరిగి రంధ్రాలు పొందినదే. టెక్సాసులో 1926లో బయటపడిన యేట్స్ క్షేత్రంలోనైతే తొలిచే పనిముట్టు ఉన్నట్టుండి ఖాళీలోకి జారిపోయేదట. చైనాలో తారిం ఎడారి కింద ఉన్న తాహే క్షేత్రమూ పూడిన గుహల సంతానమే. తమాషా ఏమిటంటే, న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహలలో పాత్రలు తారుమారయ్యాయి. అక్కడ చమురు నిక్షేపాల నుండి వచ్చిన గంధకపు వాయువే ఆమ్లమై గుహలను తొలిచింది.

చెరువులో కడవ ఎక్కడ ముంచినా నీరే. పూడిన గుహలలో అలా కాదు. ఒక బావి తొర్రలో పడి ఉప్పొంగుతుంది, కూతవేటు దూరంలో మరొకటి గట్టిరాతిలో పడి వట్టిపోతుంది. తొలిచేటప్పుడు లోనికి పంపే బురద ద్రావణం తొర్రలలోకి మాయమవుతుంది. అడుగునున్న నీరు పెద్ద దారుల వెంట ముందే పరుగెత్తుకు వచ్చి, సన్నసందుల్లోని చమురును వెనుకనే వదిలేస్తుంది. చెరువు బొమ్మ పెట్టుకొన్న మనమేమో, అంత ఉందన్నారు, ఇంతే తీశారేమని ఇంజనీర్లను దొంగలను చూసినట్లు చూస్తాము. తప్పు అర్థమైన మాటకు ఇంత ఖర్చు ఉన్నది.

మా తార్నాకలో 1961 నాటి ఎన్.జి.ఆర్.ఐ. ఒక పక్క, ఉస్మానియా మరొక పక్క. భూమి లోపలికి ప్రకంపనలు పంపి ప్రతిధ్వనులను చదివే విద్య తెలిసినవారు సాయంత్రం నడకలో ఎదురవుతారు. ఆ విద్య తెలుగులోకి రావడానికి మాత్రం దారి దొరకదు. కార్స్ట్ అనే ఉంచితే చాలదా అంటారు కొందరు. నిపుణునికి చాలును. ఎనిమిదో తరగతి పిల్లవానికి బొమ్మ కట్టే మాట కావాలి. కార్స్టుకు 'బిలభూమి' అనీ, పూడిపోయిన కార్స్టుకు 'పూడుబిలం' అనీ, రిజర్వాయరుకు తైలాశయం బదులు 'చమురుపట్టు రాయి' అనీ నేను ప్రతిపాదిస్తున్నాను. పాఠంలో మొదటి బొమ్మ బెలుం గుహ కావాలి, చమురు బావి రెండవది.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు గనులలో బండలు తీసేవారు, నీరు తొలిచిన తావును ఏదో ఒక మాటతో పిలుస్తూనే ఉంటారు. తెలిసిన మిత్రులు వ్యాఖ్యలో తెలుపగలరు. ఆ మాట దొరికిన నాడు నా 'పూడుబిలం' ఉపసంహరించుకొంటాను.