కోడ్ చదివే మనిషి కావాలి: ఒక ప్రణాళిక

మేము వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లం. కొందరం బీటెక్, కొందరం ఎంసీఏ, మరికొందరం ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు హాస్కెల్ పట్టుకున్నవాళ్లం. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కు అందరం కొత్తే. మా ఫిర్యాదు ఒక్కటే: మేం రాసిన కోడ్‌ను ఇంతవరకు ఎవరూ చదవలేదు.

దిద్దారు, కాదనం. ల్యాబ్ రికార్డుల నిండా ఎర్ర సంతకాలున్నాయి. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు అవుట్‌పుట్ చూసి తలూపారు. చెన్నై మాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేశ్ ఎన్‌పీటెల్‌లో చెప్పిన హాస్కెల్ పాఠాలు మాలో చాలామందికి తొలి చదువు. అయితే దేశమంతటి నుంచి వచ్చే జవాబులను అక్కడ యంత్రమే దిద్దాలి, మరో దారి లేదు. టెస్ట్ కేసు పాసైందో లేదో అది చెబుతుంది. పాసైన కోడ్ ఎట్లా ఉందో చెప్పదు.

ఫంక్షనల్ భాష నేర్చుకునేవాళ్లను అసలు దెబ్బ తీసేది ఆ పాసే. మేం సీ భాషతో మొదలైనవాళ్లం. చేతికి ఫర్ లూపు అలవాటు. ఒక జాబితాలోని సరి సంఖ్యల వర్గాలను కూడమంటే, హాస్కెల్‌లో కూడా ఐ అనే అంకె పెట్టుకుని, రెండు ఆశ్చర్యార్థకాల ఆపరేటర్‌తో ఐ-వ మూలకాన్ని లాగి, ఐ ప్లస్ ఒకటితో మళ్లీ పిలుస్తాం. పది అంకెల జాబితాకు జవాబు సరిగ్గా వస్తుంది. కానీ హాస్కెల్ జాబితా సీ అర్రే కాదు, ఒకదానికొకటి తగిలించిన గొలుసు. ఐ-వ మూలకం కావాలంటే ప్రతిసారీ మొదటి నుంచి నడవాలి. లక్ష అంకెలిస్తే దాదాపు 500 కోట్ల అడుగులు. జాబితాను తల, మిగతాది అని విడదీసి రాస్తే లక్ష అడుగుల్లో అయిపోయే పని. ఆ తర్వాత ఫిల్టర్, మ్యాప్, సమ్ కలిపితే ఒక్క వరుస. ఈ మూడు మెట్లనూ పక్కన కూర్చున్న మనిషి పావుగంటలో ఎక్కించగలడు. ఆ మనిషి దొరక్క ఏడాదంతా సీ భాషనే హాస్కెల్ అక్షరాల్లో రాసినవాళ్లు మాలో ఉన్నారు.

చాట్‌బాట్‌ను అడగవచ్చు కదా అంటారు. అడుగుతున్నాం, నిషేధించబోవడం లేదు కూడా. అయితే కోడ్ పడేసి బాగుచెయ్యమంటే మొత్తం తిరగరాసి చేతిలో పెడుతుంది. ఐ ప్లస్ ఒకటి రాసినప్పుడు మన మనసులో ఏముందని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న లేకుండా వచ్చిన దిద్దుబాటు పక్కవాడి రికార్డు చూసి ఎక్కించుకున్నదానికంటే ఏమీ మేలు కాదని మా అభిప్రాయం.

ఈ ఊరికి ఇంజినీర్ల కొరత లేదు. దేశంలో మొదటి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి 1959లో ఇక్కడే పునాది వేశారు. ఇప్పటి నిట్ అదే. కొత్తగా రాసింది పదిమంది ముందు చదివి, నచ్చనిది నచ్చలేదని చెప్పించుకునే అలవాటూ మన ఊరికి ఉన్నదే. కాళోజీ, ఆయన మిత్రులు మిత్రమండలిలో చేసింది అదే. 1966లో సృజన పత్రికను తెచ్చిన సాహితీమిత్రులూ ఈ గాలి పీల్చినవాళ్లే. కవిత్వానికి ఉన్న ఆ వేదిక కోడ్‌కూ ఉండాలంటున్నాం. మేం అడుగుతున్నది వింత కోరిక కూడా కాదు: తన ప్రోగ్రామును తనలో భాగం అనుకున్నవాడికి అందులో తప్పు కనిపించదని, అందుకే ఒకరిది ఒకరు చదవాలని జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లోనే వాదించాడు.

కాబట్టి ఆదివారం పొద్దున కలుస్తాం. సాయంత్రం పెట్టుకుంటే అమ్మాయిల హాస్టల్ గేటు మూసే వేళ అడ్డొస్తుంది; సగంమంది లేని సభ మాకొద్దు. బోర్డు, సుద్దముక్క ఉన్న ఏ గదైనా చాలు. ల్యాప్‌టాప్ తప్పనిసరి కాదు. కోడ్ ఒక్క పేజీ దాటకూడదు, చేతిరాతైనా సరే. ప్రతి ఫంక్షన్ మీద దాని టైప్ రాసి ఉండాలి. ఎక్కడ ఆగిపోయారో ఒక వాక్యం రాసుకు రావాలి. ‘పనిచేయట్లేదు’ అనేది వాక్యంగా లెక్కకు రాదు. హెచ్‌లింట్ అనే పనిముట్టు పట్టుకునే చిన్న లోపాలను ఇంటి దగ్గరే దులుపుకుని రండి. యంత్రం చెప్పగలిగింది మనుషులతో చెప్పించుకోవడం దండగ.

చదివే పద్ధతి మాత్రం కచ్చితంగా పాటిస్తాం. రాసినవాళ్లు ముందు నోరు విప్పకూడదు. వేరొకరు కోడ్ పైనుంచి కిందికి చదువుతూ, ఇది ఏం చేస్తోందని తనకు అనిపిస్తోందో తెలుగులో చెప్పాలి. ఫోల్డ్‌ను ఫోల్డ్ అనే అనండి, పారిభాషిక పదాల పోటీ మనకొద్దు. ఆ తర్వాత రాసినవాళ్లు తాము అనుకున్నది చెబుతారు. రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే ఆగుతాం. పేరు సరిలేదో, టైప్ మరీ వదులుగా ఉందో, ఒక కేసు మరిచారో అక్కడ బయటపడుతుంది.

తప్పు అన్నవాళ్లు ఆ తప్పును బయటపెట్టే ఇన్‌పుట్ చూపాలి. ఖాళీ జాబితా చాలాసార్లు సరిపోతుంది. హెడ్ ఫంక్షన్ అక్కడే కూలుతుంది. అందుకే హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.8 నుంచి దాన్ని వాడితే హెచ్చరిక వస్తోంది. చేత్తో దొరక్కపోతే క్విక్‌చెక్ నడుపుతాం. క్లాసెన్, హ్యూస్ 2000లో ప్రకటించిన ఆ పనిముట్టు, ఒక ధర్మం చెబితే దానికి మామూలుగా వంద యాదృచ్ఛిక ఇన్‌పుట్లు వేసి చూస్తుంది. జాబితాను రెండుసార్లు తిప్పితే మొదటి జాబితానే రావాలి అన్నంత చిన్న ధర్మంతో మొదలుపెట్టండి. చూపడానికి ఇన్‌పుట్ లేని అభ్యంతరం అభిరుచి కిందికి వస్తుంది. అభిరుచి చెప్పవచ్చు, కానీ అది అభిరుచేనని చెప్పి చెప్పాలి.

ఒక్కొక్కరికి ఒక పూట ఒకే పెద్ద మాట. పన్నెండు లోపాలు కనిపించినా సరే, వాటిలో రేపు పనికొచ్చేది ఒకటే ఎంచి చెప్పండి. ‘గింత చిన్నది తెల్వదా తమ్మీ’ అన్నవాళ్లు ఆ పూటకు చదివే హక్కు కోల్పోతారు, ఫైనలియర్ అయినా, హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగమైనా. మొదటి నెలలో మోనాడ్ మాట ఎత్తినవాళ్లు అందరికీ చాయ్ పోయించాలి. టైప్ ఎర్రర్ వస్తే దాచిపెట్టకుండా బోర్డు మీదికి ఎక్కించి, మొదటి వరుస నుంచి అందరం కలిసి చదువుతాం. మాలో సగం భయం ఆ పొడుగు సందేశాలను చివరిదాకా చదవకపోవడం వల్ల పుట్టిందే.

ఓకామెల్, ఎలిక్సిర్, రాకెట్ రాసేవాళ్లూ రావచ్చు. ప్లేస్‌మెంట్‌కు పనికొస్తుందా అంటే మాట ఇవ్వం. బెంగళూరులో ఆటోలు పిలిచే నమ్మ యాత్రి వెనక హాస్కెల్ ఉంది, ఆ కోడ్ ఎవరైనా చూడవచ్చు; మూడు నెలలు గడిచాక అందులోంచి ఒక పేజీ తెచ్చి ఇదే పద్ధతిలో చదువుతాం. పెద్దవాళ్ల కోడ్‌కు మినహాయింపు లేదు.

ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, అధ్యక్షుడు లేడు. పేరు ఇంకా కుదరలేదు; దానికోసం ఒక ఆదివారం పాడుచేసే ఉద్దేశమూ లేదు. మొదటి సమావేశంలో బోర్డెక్కేది పైన చెప్పిన సరి సంఖ్యల ప్రోగ్రామే. దాన్ని మీకు తోచినట్టు రాసి, టైప్ పెట్టి, పేజీ వెనకవైపు ఖాళీగా ఉంచి తీసుకురండి. చదివినవాళ్ల మాట రాసేది అక్కడే.