చారులో కలిపిన మందు

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఊరు దాటేలోగా ఎక్కడో ఒకచోట ఆ గోడరాత కనిపిస్తుంది. 'తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియకుండా.' కింద ఫోన్ నంబరు. ఆ వ్యాపారానికి అసలు పెట్టుబడి రెండో మాటే. అది తాగేవాడి కోసం రాసింది కాదు, అతని భార్య కోసమో తల్లి కోసమో రాసింది.

ఎదురు చెబితే తన్నులు, ఊరుకుంటే అప్పులు. ఆమె చెయ్యి ఆడేది వంటింట్లోనే. పొడి తెచ్చి చారులో కలుపుతుంది, అతను ముద్ద నోట పెట్టుకునేదాకా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఆమెను తప్పుపట్టడానికి మనసొప్పదు.

ఆ పొడిలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. మందుల షాపులో దొరికే డైసల్ఫిరామ్ మాత్రనే నూరి కలిపేవాళ్లూ ఉన్నారు. ఈ మాత్రది చిత్రమైన కథ. 1940లలో డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని దీన్ని తామే మింగి చూశారు. ఆ తర్వాత కాస్త మద్యం పుచ్చుకుంటే చాలు, ఒళ్లు బాగోలేకుండా పోయేది. కడుపులో పడ్డ మద్యం ముందు ఆసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆ విషాన్ని కాలేయం ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మాత్ర ఈ విరుపును ఆపేస్తుంది. ముఖం కందిపోతుంది, వాంతులు పట్టుకుంటాయి, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. డాక్టరు చెప్పగా తెలిసి వేసుకున్నవాడికి ఆ భయమే కాపలా. తెలియనివాడు సాయంత్రం మామూలుగానే బెల్టు షాపుకెళ్లి క్వార్టర్ తెచ్చుకుంటాడు.

తాగుడు మాన్పించాలని మనిషిని గదిలో పెట్టి తాళం వేసేవాళ్లు ఇంకొందరు. అదీ చిన్న సంగతి కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడ్డ కొద్దిరోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరసకట్టారు. చేతుల వణుకు, నిద్ర లేమి, లేని మనుషులు కనిపించడం, ఫిట్స్. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే రెండుమూడు రోజుల్లో ఇదంతా రావచ్చు. మానడం కూడా వైద్యుడి కనుసన్నల్లో జరగాలని ఆ రోజులు చెప్పినంత గట్టిగా ఏ పోస్టరూ చెప్పలేదు. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు.

బీపీ ఉందని చెప్పుకుంటాం, షుగర్ ఉందని అయితే కాస్త గొప్పగానే చెప్పుకుంటాం. తాగుడు దగ్గరికొచ్చేసరికి తలుపులు మూస్తాం. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే మరీను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లవీ అలాంటి తలుపులే. అక్షరాస్యత తరగతికి పలకలు పట్టుకొచ్చి కూర్చున్నాక, ఎవరింట్లో వాళ్లు దాచుకున్నది ఊరందరి సంగతేనని తేలింది. తమ ఊరి రోశమ్మతో కలిసి నడివీధిలోకి వచ్చి సారా కొట్టు మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది కాస్తా సడలిపోయింది. నిషేధం మంచిచెడ్డల వాదన ఇప్పుడు వద్దు, ఖజానా లెక్కలు చెప్పేవాళ్లు తెల్లవార్లూ చెబుతారు. ఆ ఆడవాళ్లు చారులో ఏమీ కలపలేదు. పేరు పెట్టి, పగటిపూట, పదిమందిలో మాట్లాడారు.

కేంద్ర ప్రభుత్వానికి మత్తు మాన్పించే సలహాల కోసం ఒక ఉచిత ఫోన్ నంబరుంది: 14446. తాగేవాడే చేయొచ్చు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. ఇన్ని బస్సు ప్రయాణాల్లో ఆ ఐదంకెలు ఏ గోడ మీదా మా కంటపడలేదు. 'తెలియకుండా' అన్న రాతకు మాత్రం ఏటేటా కొత్త రంగు పడుతూనే ఉంది.