పెంచలయ్య పేరుకేం తక్కువ?

జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు మన పిల్లలకు మొదట జరిగేది అక్షరాభ్యాసం కాదు, పేరు దిద్దుడు. యానాది తల్లి "చెంచమ్మ" అని చెబుతుంది. "ఈ కాలంలో అదేం పేరమ్మా, చందన అని రాస్తాలే" అంటారు అయ్యవారు. తల్లి తలూపుతుంది. అన్ని బళ్ళలో ఇలా జరగదు, నిజమే. జరిగిన చోట కూడా అయ్యవారిది చెడ్డ మనసు కాదు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని ఆయన భయం. ఆ దయతోనే నాకు పేచీ. ఎగతాళి చేసే పిల్లల్ని దిద్దాల్సింది పోయి, ఎగతాళి పడే పిల్ల పేరును దిద్దుతున్నాం.

మోటు పేర్లంటున్నారే, వాటిని ఒకసారి విప్పి చూడండి. పెంచలయ్య అంటే నెల్లూరు జిల్లా పెంచలకోన నరసింహస్వామి. అడవిపిల్ల చెంచులక్ష్మిని పెళ్ళాడిన దేవుడు. చెంచమ్మలో ఉన్నది ఆ తల్లి పేరే. అడవికీ కొండమీది దేవుడికీ ఉన్న చుట్టరికం ఆ పేర్లలో ఉంది. ఇక పుల్లయ్య, పెంటయ్య, కుప్పమ్మ. నవ్వేవాళ్ళకు ఇవి మరీ ఇష్టం. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, తర్వాత పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తరాకు మీదో పెంటకుప్ప మీదో దొర్లించి, ఎవరూ ఆశపడని పేరు పెడితే చావు కన్ను పడదని నమ్మారు. ఇది మన తెగల్లోనే కాదు, తెలుగు ఊళ్ళలో చాలా కులాల్లో ఉండేది. నైజీరియాలో యోరుబా వాళ్ళు అలాంటి బిడ్డకు 'కొకుమో' అని పెడతారు. ఇక చనిపోడు అని అర్థం. 'మలోమో' అంటే మళ్ళీ వెళ్ళిపోవద్దు. ఒక తల్లి ఏడ్చిన ఏడుపు అక్కడ పేరైంది. దాన్ని కొట్టేసే అధికారం ఎర్రసిరా పెన్నుకు ఎవరిచ్చారు?

ఘానాలో ఆకాన్ వాళ్ళు శుక్రవారం పుట్టిన మగబిడ్డను కోఫీ అంటారు. కోఫీ అన్నన్ ఆ పేరుతోనే 10 ఏళ్ళు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. బీర్సా ముండాకు ఆ పేరు బేస్తవారం పుట్టినందుకే వచ్చిందని చెబుతారు. ఆయన పుట్టిన నవంబరు 15న మన బళ్ళలో దండలేసి ఉపన్యాసాలిస్తాం. అదే బీర్సా ఈ జూన్‌లో బడికొస్తే ఏమని రాసేవాళ్ళమో!

ఆ మాటకొస్తే, వడమాలపేట పేరు తమిళం తెలిసిన చెవికి ఎలా వినబడుతుంది? వడ అంటే ఉత్తరం, మలై అంటే కొండ. ఉత్తరపు కొండంటే తిరుమల. ఆ ఊరిని ఉత్తరగిరిపురంగా దిద్దాలని ఎవరికీ తోచలేదు.

పేరు పక్కన ఇంటిపేరు గడి ఉంటుంది. అక్కడ జరిగేది ఇంకా పెద్ద అన్యాయం. ఎరుకలవాళ్ళకు సాతుపాటి, కావడి, మానుపాటి వంటి వంశాలున్నాయి. సుగాలీలకు రాథోడ్, పవార్, చౌహాన్ ఉన్నాయి. అడిగే ఓపిక లేక ఆ గడిలో "ఎరుకల" అనో "యానాది" అనో రాసేస్తారు. రెడ్డి, నాయుడు మాత్రం కులం పేర్లు కావా అని వాదిస్తారు. అవే. కానీ అవి వాళ్ళు కోరి తగిలించుకున్న తోకలు. మనవి ఇంకొకరు మెడలో వేసిన పలకలు. పైగా ఎరుకల అన్న మాట సోది చెప్పే పనిని చూసి బయటివాళ్ళు పెట్టింది. వాళ్ళు తమను తాము కుర్రు అని చెప్పుకుంటారు. సుగాలీలు గోర్ అంటారు. బహిరంగంగా కులం పేరుతో దూషించడం అట్రాసిటీ చట్టం సవరణలో 2016 జనవరి 26 నుంచి ప్రత్యేక నేరం. హాజరు పిలవడం దూషణ కాదు, చట్టానికి ఆ తేడా తెలుసు. రోజూ ఆ పిలుపు విని లేచి నిలబడే పిల్లకు అది తెలియదు.

ఎరుకలవాళ్ళ పేర్లు బడి రిజిస్టరు కంటే ముందు పోలీసు రిజిస్టరుకెక్కాయి. నేరస్థ జాతుల చట్టం 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టిన తెగను బట్టి దొంగలన్నారు, వేలిముద్రలు తీశారు, హాజరు పిలిచారు. వాళ్ళను ఉంచిన ఒక ఊరికి మద్రాసు ప్రభుత్వంలోని స్టూవర్ట్ దొర పేరే పెట్టారు, స్టూవర్టుపురమని. ఆ చట్టం 1952లో దేశమంతటా పోయింది. అమెరికాలో 1879లో కార్లైల్ బడికి చేరిన లకోటా పిల్లవాడు ఓటా క్టే ముందు నల్లబల్ల మీద ఇంగ్లీషు పేర్లు రాసి, కర్రతో ఒకటి చూపించమన్నారు. చదవడం రాని ఆ బిడ్డ లూథర్ అయ్యాడు. కెనడా ప్రభుత్వం 1941 నుంచి ఇన్యూట్ ప్రజలకు పేర్లకు బదులు నంబరు బిళ్ళలిచ్చింది. 1970 ప్రాంతంలో ఏబ్ ఓక్పిక్ అనే ఇన్యూట్ మనిషి ఊరూరూ తిరిగి, మీకే ఇంటిపేరు కావాలని ఒక్కొక్క కుటుంబాన్నీ అడిగి రాసుకున్నాడు. అయ్యవార్లారా, టీచరమ్మలారా, నేనడిగేది ఆ పనే. తల్లి హర్షిత అంటే హర్షితే రాయండి, చెంచమ్మ అంటే చెంచమ్మే రాయండి.

కాలేజీకెళ్ళి పెంచలయ్యను దాచుకుని ఇంకో పేరు చెప్పుకునే తమ్ముళ్ళతోనూ ఒక మాట. పేరు మార్చుకోవడం మీ హక్కు. కానీ ఎవరు నవ్వితే మారుస్తున్నారో చూసుకోండి. దిద్దుడు పేర్ల ఖర్చు మీకే ఎక్కువ తెలుసు. బడిలో చందన, ఆధార్‌లో చెంచమ్మ, రేషన్ కార్డులో సెంచమ్మ. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక కుల ధ్రువీకరణ కుదరదు, స్కాలర్‌షిప్ ఆగుతుంది, అఫిడవిట్ కోసం కూలి మానుకుని తిరగాలి. తిట్లు మాత్రం చదువురాని అమ్మకు.

ఇప్పుడు వాకిలి మారింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ ఆధార్‌కూ జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలు ఇంకా అంగన్‌వాడీ వయసువాళ్ళే. మన కాలనీల్లో కొందరికి ఆ పత్రం లేదు, కొందరి పత్రంలో పేరు గడి ఖాళీ. జననం నమోదై ఉంటే 12 నెలల లోపు పేరు ఉచితంగా ఎక్కించుకోవచ్చు, ఆపైన 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో. ఈ సెలవుల్లో కాలేజీ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఆ గడి చూడండి. ఏం రాయాలో తల్లిని అడగండి. ఆమె సిగ్గుపడి చెప్పకపోతే, పక్కనే అవ్వ ఉంటుంది.