పేరున్నవాళ్లకేనా పేరు మీద హక్కు?

2025 సెప్టెంబరు 26న హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు చిరంజీవికి ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆయన పేరు, ఫోటో, గొంతు, ఆఖరికి ‘మెగాస్టార్’ అన్న బిరుదు కూడా ఆయన అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకూడదని దాని సారాంశం. అదే నెలలో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు అలాంటి రక్షణే ఇచ్చింది. రెండూ మంచి ఉత్తర్వులే. కానీ తమిళనాడులోని సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేయించి ఆసుపత్రులకు అమ్ముకునే ఒకాయన పేరును మరో ఊరి కంపెనీ తన ప్యాకెట్ మీద అచ్చేసుకుంటే? రాజపాళయంలో లెక్కలు చెప్పే మాస్టారి ఫోటోను, ఆయన్ని అడగనైనా అడక్కుండా, ఒక ట్యూషన్ సెంటరు తన కరపత్రం మీదికి ఎక్కిస్తే? వాళ్లిద్దరూ ఏ హక్కు పట్టుకుని ఏ కోర్టు మెట్లెక్కాలి? చిరంజీవికి ఉన్న హక్కే వాళ్లకూ ఉంది. దానికి ‘ప్రఖ్యాతి’ అన్న అర్హత తగిలించడమే పొరపాటని నా వాదన.

ఆ అర్హత తగిలించింది మన మద్రాసు హైకోర్టే. రజనీకాంత్ తన పేరుతో ఒక హిందీ సినిమా తీస్తున్న నిర్మాతల మీద దావా వేస్తే, 2015లో తీర్పు ఆయన పక్షానే వచ్చింది. ఆ తీర్పులో మెచ్చుకోవలసిన మాట ఒకటుంది: చూసినవాడికి ఇది ఫలానా వ్యక్తే అని తెలిసిపోతే చాలు, జనం మోసపోయారని విడిగా రుజువు చేయక్కర్లేదు. దాని పక్కనే చిక్కు తెచ్చిన మాట కూడా ఉంది. ఈ వ్యక్తిత్వ హక్కు ప్రముఖుల స్థాయికి చేరినవారిదని కోర్టు రాసింది. రజనీకాంత్‌కు ఆ వాక్యం అక్కర్లేదు, అది లేకపోయినా ఆయన గెలిచేవారే. తర్వాతి రోజుల్లో ఎవరైనా మామూలు మనిషి వస్తే మాత్రం ఎదుటి లాయరు ముందుగా వెతుక్కునేది ఆ వాక్యాన్నే.

అంతకు 21 ఏళ్ల ముందు, ఇదే తమిళనాడు నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. 1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసు అది. ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక అచ్చు వేయడం గురించి వచ్చిన తగాదా. తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అనుమతి లేకుండా ఒకరి పేరును గానీ రూపాన్ని గానీ ప్రకటనలకు వాడుకోవడం వారి ఏకాంత హక్కును దెబ్బతీయడమేనని ఆయన స్పష్టంగా రాశారు. పౌరుడికి ఉన్న హక్కు అన్నారే తప్ప, ప్రముఖ పౌరుడికి అనలేదు. ఏకాంత హక్కు మీద సుప్రీంకోర్టే ఇచ్చిన 2017 నాటి పుట్టస్వామి తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ కూడా తన గుర్తింపును ఎవరు వ్యాపారానికి వాడుకోవాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉండాలన్నారు. సుప్రీంకోర్టు మాట ఇంత తేటగా ఉండగా కింది కోర్టులు రజనీకాంత్ తీర్పులోని ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు.

‘మామూలు మనిషి పేరుకు మార్కెట్లో విలువేముంది, పోయిందేమిటి?’ అని అడిగేవారున్నారు. వాళ్లు ఫలితాలు వచ్చిన మర్నాడు తెలుగు పేపరు మొదటి పేజీ చూడాలి. వార్త ఉండదు, పేజీ నిండా పాస్‌పోర్టు సైజు ఫోటోలు, వాటి కింద పేరు, హాల్ టికెట్ నంబరు, ర్యాంకు. ఒకే పిల్లవాడి మొహం రెండు మూడు సంస్థల ప్రకటనల్లో కనబడటం మనకు అలవాటైపోయింది. ఆ పిల్లలు సినిమా తారలు కారు, నిన్నటిదాకా వీధి దాటితే వాళ్లెవరో ఎవరికీ తెలియదు. విలువ లేని పేర్లకు అన్ని లక్షలు పోసి పేజీ కొంటారా? ఈ సంగతి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు అర్థమైంది. 2024 నవంబరులో కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, విద్యార్థి పేరు, ఫోటో వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలని, దాన్ని ఆ విద్యార్థి నెగ్గిన తర్వాతే తీసుకోవాలని చెప్పింది. చేరే రోజున ఫీజు రసీదుతో పాటు పెట్టించుకునే సంతకం చెల్లదన్నమాట. అప్పటికే 18 సంస్థలకు 54 లక్షల 60 వేల జరిమానా వేసింది. ఆ సొమ్ములో ఫోటో పోగొట్టుకున్న పిల్లలకు వచ్చిందేమీ లేదనుకోండి.

సత్రపట్టి వ్యాపారి సంగతి కొంచెం వేరు. కట్టు కట్టే నర్సుకు గాజ్ గుడ్డ తెల్లగా ఉందా లేదా అన్నది కంటికి తెలుస్తుంది, లోపల శుద్ధి సరిగ్గా జరిగిందా అన్నది తెలియదు. అందుకే కొనేవాడు ప్యాకెట్ మీది పేరునే నమ్ముతాడు. అలాంటి సరుకు మీద దొంగపేరు పడితే పోయేది అమ్మకం ఒక్కటే కాదు, పుండు చీము పడితే నింద కూడా అసలు పేరువాడి మీదికే వస్తుంది. ఇక్కడ పాత చట్టమే బలమైనది. మార్కు రిజిస్టరు కాకపోయినా తన సరుకును ఎదుటివాడి సరుకుగా చలామణీ చేసేవాడిని ఆపమని అడగొచ్చు, 1999 ట్రేడ్ మార్కుల చట్టం 27వ సెక్షన్ ఆ హక్కును అలాగే నిలిపి ఉంచింది. రిజిస్టరు అయివుంటే ఇంకో సౌకర్యం ఉంది: అవతలివాడు ఎక్కడున్నా దావా మన జిల్లాలోనే, అంటే సత్రపట్టివాళ్లు శ్రీవిల్లిపుత్తూరు కోర్టులోనే వేయొచ్చు. చిన్న వ్యాపారికి ఢిల్లీ రైలు ఖర్చు తప్పడం చిన్న విషయం కాదు.

‘అది నా పేరు కూడా’ అనే జవాబు మాత్రం తప్పక వస్తుంది. తాతల పేర్లు మనవలకు పెట్టుకునే మన ఇళ్లలో అది నిజం కావచ్చు కూడా. సొంత పేరును నిజాయితీగా వాడుకునేవాడిని అదే చట్టం 35వ సెక్షన్ కాపాడుతుంది, కాపాడాలి కూడా. కానీ నిజాయితీగా అన్న మాట అక్కడ ఊరికే లేదు. 1984లో అంజిరెడ్డి పెట్టిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ, రెడ్డి ఫార్మాస్యూటికల్స్ మీద వేసిన దావాలో 2004లో ఢిల్లీ హైకోర్టు ‘రెడ్డి’ అనే పేరు వాడకాన్ని ఆపింది. మా మనిషి పేరులోనూ రెడ్డి ఉందన్న వాదన నెగ్గలేదు. మందుల వ్యాపారంలోకే వచ్చి, అదే పేరు ఎంచుకోవడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టమే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. అందరికీ ఈ హక్కు ఇస్తే పత్రికలు వార్త రాయలేవు, కార్టూనిస్టు బొమ్మ గీయలేడు, ప్రతివాడూ కోర్టుకెక్కుతాడు అంటారు. భయం సబబే, జవాబు మాత్రం రాజగోపాల్ తీర్పులోనే ఉంది. బహిరంగ రికార్డులో ఉన్న సంగతుల్ని ప్రచురించవచ్చంటూ ఆ రోజు పత్రికనే గెలిపించారు. ఒకరి గురించి మాట్లాడటం వేరు, ఒకరి మొహం చూపించి సబ్బు అమ్మడం వేరు. నిజానికి హక్కును ప్రముఖులకే పరిమితం చేస్తే స్వేచ్ఛకు ఎక్కువ ముప్పు, ఎందుకంటే విమర్శ అవసరమయ్యేది ఎక్కువగా వాళ్లకే.

పరువు నష్టం చట్టం ఉందిగా అంటే, అది ఇక్కడ సరిగ్గా అతకదు. మాస్టారిని ‘మా సెంటరు ఆణిముత్యం’ అని పొగిడితే పరువు పోయిందని ఎలా చెప్పుకుంటాడు? పైగా అచ్చయిన ఏడాదిలోపు దావా వేయకపోతే గడువు దాటిపోతుంది. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉన్నా, ఆ డబ్బు కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది. ఐటీ చట్టంలో బాధితుడికి పరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌ను తొలగించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది.

కాబట్టి మిగిలేది సివిల్ దావా. అందులో వెంటనే ఇంజంక్షన్ అడగాలి. ‘నీకెంత నష్టం’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా ‘వాడికెంత లాభం’ అన్న లెక్క తీయించాలి. ట్రేడ్ మార్కు కేసుల్లో నష్టపరిహారం కావాలో, లాభాల లెక్క కావాలో కోరుకునే వీలు 135వ సెక్షన్ ఇప్పటికే ఇస్తోంది, మొహం దొంగిలించిన కేసులకు దాన్ని నిరాకరించడానికి కారణం కనబడదు. ఆ పైన, ఈ ఫోటో అనుమతి లేకుండా వేశామని అదే పేపర్లో, అదే పేజీలో, అంతే సైజులో ప్రకటన ఇవ్వమని కూడా అడగాలి. ఖర్చు ప్రతివాదిదే.