తాంబూల గౌరవము

తెలుగువారి యిండ్ల శుభకార్యమేదియు ఆకువక్క లేక జరుగదు. పసుపు గణపతిని నిలుపుటకు తమలపాకు కావలెను. షోడశోపచార పూజయందు నైవేద్యానంతరము దేవునకు తాంబూలము సమర్పింతుము. సంబంధము స్థిరపడినదని చెప్పుటకు “తాంబూలములు పుచ్చుకొంటిమి” అందుము. పురోహితునకిచ్చు దక్షిణయు, పేరంటమునకు వచ్చిన స్త్రీలకిచ్చు పండును, రవికగుడ్డయు ఆకువక్కల తోడనే చేయి మారును.

ఈ సందర్భములలో పోకచెక్కకు గల గౌరవము దాని వెలవలన వచ్చినది కాదు. నమలుటవలనను వచ్చినది కాదు. పొగాకు కలుపకున్నను వక్క క్యాన్సరునకు కారణమగునని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధనా విభాగము 2003లో ప్రకటించినది. కావున తాంబూలచర్వణమును మానినచో ఆచారమునకు లోపము లేదు. దాని యర్థమంతయు ఇచ్చుటయందే యున్నది. ఇచ్చువారు ఎదుటివారిని గౌరవించుచున్నారు. పుచ్చుకొనువారు ఆ యింటి శుభమును కోరుచున్నారు.

అట్లయిన ఆ గౌరవమును ఎవరికి నిరాకరించుచున్నామో విచారింపవలదా? బిడ్డను ఒంటరిగా పెంచి, చదివించి, కాయకష్టముచే వివాహమునకు ధనము కూర్చిన తల్లి, వితంతువైన కారణమున, నిశ్చయతాంబూలములనాడు తలుపు చాటున నిలుచుట పెక్కు యిండ్లలో నేటికిని చూచుచున్నాము. పళ్ళెరమును చుట్టములలోని దంపతులెవరో అందుకొందురు. ఆ బిడ్డ శుభమును తల్లికంటె మిన్నగా కోరువారెవరు?

ఇది శాస్త్రమందురా? ధర్మశాస్త్రకారులు తాంబూలచర్వణమును విధవకు నిషేధించినమాట నిజమే. యతికిని, బ్రహ్మచారికిని గూడ నిషేధించిరి. అంతమాత్రమున యతిని ఎదురు రావలదంటిమా? ఆయన పాదములకు మ్రొక్కితిమి. ఒకే నిషేధము ఒకరికి పూజ్యతయు, మరియొకరికి అవమానమును ఎట్లాయెను? ఇది శాస్త్రము చేసిన భేదము కాదు, మనము చేసినదే.

1856లో శాసనము వితంతు వివాహమును అంగీకరించినది. 1881లో వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున నిందలకు వెరవక అట్టి వివాహమును జరిపించిరి. నూటయరువది యేండ్లకు పైబడి చట్టము మారియున్నను పేరంటపు పళ్ళెరము మారలేదు.

దీనికి క్రొత్త శాసనము అక్కరలేదు, సభలును అక్కరలేదు. రాబోవు శుభకార్యమున ఇంటి యిల్లాలు పళ్ళెరముతో నాలుగడుగులు నడచి, తలుపు చాటుననున్న ఆమెను పేరు పెట్టి పిలిచి, ఆమె చేతిలో రెండాకులు, రెండు వక్కలు ఉంచిన చాలును. ఆ యింటికి అంతకు మించిన శుభము లేదు.