ఒప్పంద పత్రమే ఆధారం

గల్ఫ్ వలస అనగానే కరీంనగర్, నిజామాబాద్ గుర్తుకు వస్తాయి. సూర్యాపేట నుంచి, సాగర్ ఎడమ కాలువ పారే కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి కూడా డ్రైవర్లు, మేస్త్రీలు ఆ దారి పడుతున్నారు. సంఖ్య తక్కువే. తక్కువ కావడమే ముప్పు. అక్కడి పల్లెల్లో వెళ్ళి వచ్చినవాడు వాడకొకడు ఉంటాడు, ఏజెంటు మాట నిజమో కాదో చెబుతాడు. ఇక్కడ అడుగుదామంటే మనిషి దొరకడు.

గల్ఫ్‌లో కార్మికుని నివాస అనుమతి అతన్ని పిలిపించిన యజమానితో, అంటే కఫీల్‌తో, ముడిపడి ఉంటుంది. కనుక వీసా కంటే ముందు చూడవలసింది ఒప్పంద పత్రం: యజమాని పేరు, పని, జీతం, పనిగంటలు, వసతి, తిరుగు ప్రయాణపు ఖర్చు. విజిట్ వీసా చేతిలో పెట్టి 'అక్కడికి పోయాక మార్పిస్తాం' అనే ఏజెంటుకు ఈ కాగితమే గిట్టదు. గడువు తీరిన తరువాత ఆ కార్మికుడు జీతం అడగలేడు, పోలీసుల కంట పడలేడు.

1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌కు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. రిజిస్టరయిన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, పన్ను అదనం. లక్షలు అడిగేవాడు చట్టం బయట ఉన్నట్టే. అనుమతితో వెళ్ళేవారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ బీమా ఉంది. దొడ్డిదారిన పోయినవారికి అదీ లేదు.

రిజిస్టరయిన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంది. పొలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చేవానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మూడు పట్టణాల ఆర్డీవో కార్యాలయాల గోడలకు దాన్ని అంటించవచ్చు. పాస్‌పోర్టు విచారణకు ఇంటికి వచ్చే పోలీసు ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడిగి పోవచ్చు. పైసా ఖర్చులేని పని. రెండు జిల్లాల కలెక్టర్లు వెంటనే ఆదేశాలు జారీ చేయాలి.