కొబ్బరి తోటలో చిన్న శాల

యోగాభ్యాసానికి ఎంత చోటు కావాలి? చాలా కాలం ఈ ప్రశ్న నాకు తోచనే లేదు. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినోత్సవంగా ప్రకటించింది. 2015 నుండి ఏటా ఆ రోజున మా కళాశాల మైదానంలో ఎనిమిది వందల మంది విద్యార్థులు బారులు తీరి ఆసనాలు వేస్తున్నారు. ఆ బారులు తీర్చే బాధ్యత నాదే. వంకర పోకుండా నేల మీద సున్నపు గీతలు గీయించడం, వేదిక మీద మైకు అమర్చడం, ఛాయాచిత్రకారునికి మేడ మీద అనువైన చోటు చూపడం వంటి పనులన్నీ శ్రద్ధగానే నిర్వహించాను. ఒక సంవత్సరం కార్యక్రమం ముగిసిన పిమ్మట చివరి వరుసలోని ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చి, "ఊపిరి ఎప్పుడు వదలాలో మాకు వినబడలేదు సార్. ముందున్న వాళ్ళను చూసి వంగాం" అన్నది. "వచ్చే ఏడు ఇంకొక మైకు పెట్టిద్దాంలేమ్మా" అని బదులు చెప్పాను. ఆ సమాధానం ఎంత అసందర్భమైనదో గ్రహించడానికి నేను కేరళ దాకా వెళ్ళవలసి వచ్చింది.

తిరువనంతపురానికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వర్కల అనే తీరపట్టణం ఉన్నది. నారాయణగురువు 1928లో సమాధి చెందిన శివగిరి అక్కడిదే. బాపట్ల వైపు సముద్రం ఇసుక తిన్నెల మీదుగా మెల్లగా ఎదురువస్తుంది. వర్కలలో అలా కాదు. లాటరైటు అనే ఎర్రరాతి చరియ నిట్టనిలువుగా తెగి ఉంటుంది. దాని పాదాల వద్ద అరేబియా సముద్రం ఘోషిస్తూ ఉంటుంది. చరియ అంచున దుకాణాలు, భోజనశాలలు, యోగ నేర్పుతామని పిలిచే బల్లలు బారులుగా కనబడతాయి. ఆ సందడిని దాటి, ఒక కాలిబాట వెంట కొబ్బరి తోటలోకి దిగితే నేను చూసిన శాల వస్తుంది.

శాల అంటే ఎర్ర సిమెంటు గచ్చు, చుట్టూ నడుమెత్తు గోడ, దూలాల మీద అల్లిన కొబ్బరాకుల కప్పు, అంతే. తలుపు లేదు. పది చాపలు పరిస్తే పదకొండవ దానికి చోటు చాలదు. చుట్టూ పనస చెట్లు, అరటి పిలకలు, మిరియాల తీగ ఎగబాకిన పోకచెట్లు. గాలి వీచినపుడు కొబ్బరి మట్టలు ఒకదానితో ఒకటి ఒరసుకొనే చప్పుడు, దాని వెనుక సముద్రఘోష తప్ప వేరొక ధ్వని లేదు. ఇది చదివి అదొక నందనవనమని భావించవద్దు. నేను వెళ్ళినది అక్టోబరు మాసాంతంలో. కేరళీయులు తులావర్షమని పిలిచే వానల కాలమది. ఉక్కకు చెమట ఆరదు, దోమలు వదలవు, చాపలకు తడివాసన. కప్పు కారుతున్న రెండు చోట్ల సత్తు గిన్నెలు పెట్టి ఉంచారు.

గురువు అరవై ఏళ్ళు పైబడిన మలయాళీ. నేను అధ్యాపకుణ్ణని తెలిసిన క్షణం నుండి నన్ను "మాష్" అని పిలవసాగారు; ఆ ప్రాంతంలో ఉపాధ్యాయులను అలాగే సంబోధిస్తారు. ఆ ఉదయం మేము ఏడుగురం. ఆయనకు మైకు అవసరం కాలేదు. తాను ఆసనం వేసి చూపినది కూడా తక్కువే. చాపల నడుమ చప్పుడు లేకుండా నడుస్తూ ఒక్కొక్కరి వీపు కదలికను గమనిస్తున్నారు. ముందుకు వంగి పాదాలు అందుకోవాలని నేను పెనుగులాడుతుండగా పక్కన కూర్చున్నారు. "మాష్, పాదాలు ఎక్కడికీ పోవు. మీరు శ్వాస బిగబట్టారు" అన్నారు. నిజమే. వంగేటప్పుడు ఊపిరి బిగబట్టడం నాకు ఎన్నేళ్ళ అలవాటో! ఆ మాట విని వదిలాను. చేతులు పాదాలను అందుకోలేదు గాని, నడుములో పట్టు సడలింది. ఆ క్షణంలోనే చివరి వరుసలోని ఆ అమ్మాయి నా మనస్సులో మెదిలింది. ఆమెకు కావలసినది తన ఊపిరిని గమనించే మనిషి. నేను ఇస్తానన్నది ఇంకొక మైకు.

చిన్న శాలే తగినదనే భావన కొత్తదేమీ కాదు. 15వ శతాబ్దం నాటిదిగా చెప్పే హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు సాధకుని కుటీరాన్ని వర్ణించాడు. చిన్న వాకిలి, మరీ మెరకా పల్లమూ కాని చోటు, పేడతో అలికిన శుభ్రమైన నేల, కీటకాల బెడద లేకపోవడం, వెలుపల ఒక మంటపం, బావి, చుట్టూ గోడ ఉంటే చాలునన్నాడు. ఆధునిక కాలంలో మరొక నిదర్శనం తిరుమలై కృష్ణమాచార్యులు. 1930వ దశకంలో మైసూరు రాజుల ఆశ్రయంలో బాలురను సమూహంగా కూర్చి నేర్పిన ఆయన, తరువాతి కాలంలో మద్రాసుకు తరలివచ్చాక ఒక్కొక్కరినే ఎదుట కూర్చోబెట్టుకొని, వారి వయస్సును, ఆరోగ్యాన్ని, శ్వాసను చూసి నేర్పారు. ఆయన కుమారుడు దేశికాచార్ ఆ పద్ధతినే కొనసాగించారు. శతవృద్ధుడైన ఒక ఆచార్యుడు తన అనుభవం చేత గుంపును విడిచి ఒక్క మనిషి వైపు నడవడం నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది.

మైదానం వద్దంటే ఇంతమందికి యోగం చేరేదెలా అని ఆక్షేపించవచ్చు. చిన్న శాలలు డబ్బున్న వారికే గదా అనవచ్చు. ఇందులో సత్యం లేకపోలేదు. వర్కలలో నేనున్న మూడు రోజులూ ఆ తోటలో కొబ్బరికాయలు దింపే మనిషి శాల పక్క నుండి దాటిపోవడమే చూశాను గాని, లోపలికి రావడం చూడలేదు. చరియ మీది బల్లలలో కొన్ని సముద్రాన్నీ సూర్యాస్తమయాన్నీ కూడా కలిపి ధర కట్టినవే. అయితే ఆ శాలలో నాకు మేలు చేసినది సముద్రం కాదు, ఏడుగురమే ఉండడం. ఆ సౌకర్యానికి ఖర్చు లేదు. ఎనిమిది వందల మందిని పదేసి మంది చొప్పున విభజిస్తే ఎనభై జట్లు. రోజుకు రెండు జట్లకు నేర్పినా నలభై పనిదినాలలో అందరి వంతూ ఒకసారి వస్తుంది. ఒకసారి చాలదు, నిజమే. కాని ఊపిరి ఎప్పుడు వదలాలో వినబడుతుంది. మన కళాశాలలలో కరువైనది స్థలం కంటే సమయం. తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే చదువు గంటల పట్టికలో అరగంట ఖాళీ చూపమంటే, ఎవరి పాఠం తగ్గించాలనే వివాదం వస్తుంది. ఆ వివాదంలో పూర్వం నేనూ నా గంట వదులుకోనని పట్టుబట్టిన వాడినే.

తిరిగి వచ్చాక, విరిగిన బల్లలు పడవేసిన పాత ప్రయోగశాల గదిని ఇప్పించమని మా ప్రిన్సిపాల్ గారిని అడిగాను. "పది మందితో ఫోటో ఏం బాగుంటుందండీ?" అన్నారాయన, అయినా కాదనలేదు. గది ఖాళీ అయి తాళంచెవి నా చేతికి వచ్చేసరికి వేసవి గడిచింది. ఆ విద్యార్థిని అప్పటికే ఇంటర్మీడియట్ ముగించి వెళ్ళిపోయింది. మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. వ్యాయామ అధ్యాపకులు నేర్పుతుండగా నేనూ ఒక చాప మీద కూర్చున్నాను. కిటికీ అవతల ఒక కానుగ చెట్టు, దాని కావల బస్సుల మోత. అయినా ఆయన గొంతు పెంచవలసిన అవసరం రాలేదు.